మనలాగే మావయ్య

మా మావయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. ప్రపంచంలో ఏ మూల గురించి అడిగినా "మనలాగే" అంటాడు. ముప్పై ఏళ్ళుగా ప్రయాణికుల ఓడలో ఉద్యోగం చేస్తూ, నలభై రెండు దేశాల రేవుల్లో కాలు పెట్టి, ఇంటికొచ్చి ఆ కాళ్ళు కడుక్కుంటూ ఆయన చెప్పే యాత్రా విశేషాలు మొత్తం కలిపి ఆ ఒక్క మాటే.

"మావయ్యా, అక్కడ మనుషులు ఎలా ఉంటారు?"

"మనలాగే."

"ఇళ్ళు?"

"చుట్టూ గోడలు, పైన కప్పు. మనలాగే."

"ఒకచోట నెలల తరబడి సూర్యుడు అస్తమించడట కదా?"

"అవునమ్మా. పాపం, సెలవు దొరకదు. మనలాగే."

వీధి వీధంతా ఆయనకు "మనలాగే మావయ్య" అని పేరు పెట్టింది. మా ఎదురింటి దర్జీ అయితే గుమ్మంలో కూర్చుని, "ఏమండీ, ఈసారి చంద్రమండలం ఏమైనా వెళ్ళారా?" అని అడిగేవాడు. "లేదు బాబూ, వెళ్ళినా ఏముంటుంది, మనలాగే" అని మావయ్య చెప్పేవరకూ వదిలేవాడు కాదు. ఆ నవ్వుల్లో నా వాటా తక్కువేం కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి కాబట్టి, ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

అసలు ఓడ ఎక్కాలని బయల్దేరింది మావయ్య కాదు, మా నాన్న. అచ్చుకూటంలో అక్షరాలు పేర్చే పని నాన్నది. రోజంతా ఎవరో రాసిన ఊళ్ళ పేర్లు వేళ్ళతో ఏరి పేర్చి పేర్చి, ఆ ఊళ్ళన్నీ ఒక్కసారైనా చూడాలని పిచ్చి పట్టింది. ఓడలో డెక్కు మీద పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, నెల్లాళ్ళు చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. సంచీ మొయ్యడానికి అమ్మ తన తమ్ముణ్ణి తోడు పంపింది. నాన్న అన్ని పరీక్షలూ నెగ్గాడు. చివరికి కళ్ళ డాక్టరు వంతు వచ్చింది. ఆయన రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, "ఇందులో ఏ అంకె కనిపిస్తోంది?" అన్నాడు.

"ఇరవై ఒకటి," అన్నాడు నాన్న ఠక్కున.

తలుపు దగ్గర సంచీతో నిలబడ్డ మావయ్యకు ప్రాణం ఉసూరుమంది. "బావా, సరిగ్గా చూడు. డెబ్భై నాలుగు," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అందించాడు.

కళ్ళ పరీక్షలో జవాబు అందించిన మహానుభావుడు అంతకుముందు లేడు, తర్వాతా పుట్టలేదు.

"ఎవరది అందించేది?" అన్నాడు డాక్టరు.

"నేనేనండి. మా బావ చాలా తెలివైనవాడండి. కంగారులో తప్పు చెప్పాడు."

"కంగారు కాదయ్యా. ఈయన కళ్ళకు ఎరుపూ పచ్చా ఒకటే. ఓడకు ఒక పక్క ఎర్ర దీపం, ఇంకో పక్క పచ్చ దీపం ఉంటాయి. ఆ రెండూ ఒకటే అనుకునే మనిషిని డెక్కు మీద నిలబెడితే ఎదురొచ్చే ఓడ గతేం కాను?" అని, మావయ్యను ఎగాదిగా చూసి, "నీ కళ్ళు దివ్యంగా ఉన్నాయే! లాండ్రీలో ఒక మనిషి తక్కువయ్యాడు. చేరతావా?" అన్నాడు.

మావయ్య ససేమిరా అన్నాడు. నాన్నే వీపు మీద ఒక్కటి చరిచి, "వెళ్ళరా వెధవా! వెళ్ళి అన్నీ చూసొచ్చి నాకు చెప్పు," అన్నాడట. అలా తోడుపెళ్ళికొడుకు పీటలెక్కాడు.

చూశాడో లేదో దేవుడికి తెలియాలి, చెప్పింది మాత్రం ఏమీ లేదు. నాన్న దగ్గర ఒక పాత అట్లాసు ఉంది. దేశాల పేర్లు పలకడం కష్టమని ఆయన పేజీ నంబర్లతో పిలిచేవాడు. తొమ్మిది నెలలకోసారి మావయ్య ఓడ దిగి వచ్చి కూర్చోగానే అట్లాసు ఒళ్ళో పెట్టుకుని మొదలెట్టేవాడు.

"ఏరా, పదిహేడో పేజీ ఎలా ఉంది?"

"మనలాగే బావా."

"ఇరవై మూడు?"

"అదీ అంతే."

"ముప్పై ఒకటిలో ఏదో పెద్ద జలపాతం ఉందటగా?"

"నీళ్ళు బావా. కిందికే పడతాయి."

నాన్న "అంతేనా" అని తలాడించి అట్లాసు మూసేసేవాడు. ఆ అట్లాసు ఏటికేడాది లావెక్కుతూ వచ్చింది. "ఏంటి నాన్నా ఇది, ఇంత ఉబ్బింది?" అంటే, "తేమకమ్మా," అని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. బంగారం పెట్టే అరకు తాళం లేదు మా ఇంట్లో, అట్లాసుకు ఉంది.

మావయ్యకు మాటలు రావనుకోకండి. బట్టల సంగతి ఎత్తితే నోరు మూతపడదు. "పదకొండో పేజీలో నీళ్ళు ఎంత గట్టివక్కా! గుప్పెడు సబ్బు వేసినా నురగ రాదు," అని మా అమ్మకు గంట చెప్పేవాడు. రెండు వేలమంది దుప్పట్లు, కెప్టెను తెల్ల కాలరు, వంటవాళ్ళ కోట్ల మీది నూనె మరకలు, అన్నీ కథలే. మనింటికి చుట్టం వచ్చి మన కర్టెన్లు ఉతికి, ఆరేసి, తగిలించి, ఆ తర్వాత "కాస్త మంచినీళ్ళు ఇస్తావా?" అని అడిగితే ఆ చుట్టం మావయ్యే.

ఇక నా సిగ్గుమాలిన సంగతికి వస్తాను.

నేను పనిచేసే బడిలో హెడ్మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. పై తరగతి పిల్లలకు "ప్రపంచం తిప్పే ఉద్యోగాలు" అని ఒక సభ పెట్టి, అలాంటి ఉద్యోగం చేసే మనిషి చేత మాట్లాడించాలని. "ఎవరున్నారు?" అని ఆయన నోట్లోంచి మాట రాకముందే, "మా మావయ్య ఉన్నాడండి, నలభై రెండు దేశాలు!" అన్నాను. వీధిలో ఎవరిని చూసి నవ్వేదాన్నో, బడిలో ఆయన్నే పట్టుకుని వారం రోజులు గొప్పలు పోయాను. గొప్ప చెప్పుకునేటప్పుడు మనిషికి మతిమరుపు వస్తుంది కాబోలు.

సభ రోజు మావయ్య కత్తిలాంటి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. నాన్న కూడా వచ్చి చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. మావయ్య మాట్లాడటానికి లేచాడు, చివరి బెంచీ వైపు ఒకసారి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలూ, వీరు అగ్నిపర్వతాన్ని కళ్ళారా చూసిన మనిషి," అన్నారు హెడ్మాస్టారు. "చెప్పండి సార్, ఎలా ఉంటుంది?"

"కొండండి. పైన పొగ. మన పొయ్యిలాగే."

"మంచు సముద్రం?"

"ఐసండి. చాలా ఉంటుంది."

"సరే, ఇన్నేళ్ళలో మీరు చూసిన అన్నిటికంటే గొప్ప దృశ్యం?"

"ఒకసారి వెయ్యి దుప్పట్లు ఒక్క మరక లేకుండా వచ్చాయండి."

పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. మావయ్య కూడా వాళ్ళతోపాటు నవ్వి, ఒంటిచేత్తో దుప్పటి మడతపెట్టడం చూపించాడు. ముందు బెంచీలో ఒక పిల్ల గౌను మీద సిరా ఒలికి, పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుంది. మావయ్య దిగివచ్చి, ఆ పిల్లకు తప్ప ఎవరికీ వినపడకుండా ఏదో చెప్పి, జేబులోంచి మరకలు తీసే పొడి పొట్లం తీసి, కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి మరక వదిలించి తెచ్చాడు. ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టి నిటారుగా కూర్చుంది. నేను అదంతా చూశాను. చూసి కూడా, ప్రపంచయాత్రికుడు కుళాయి దగ్గర గౌను ఉతుకుతున్నాడే అని తల దించుకున్నాను.

వెళ్తూ వెళ్తూ హెడ్మాస్టారు, "టీచర్ గారూ, మీ మావయ్య ప్రపంచం చుట్టూ తిరిగారా, ప్రపంచమే ఆయన చుట్టూ తిరిగి వెళ్ళిపోయిందా?" అన్నారు.

ఆ మాట మధ్యాహ్నం భోజనాల దాకా నా గొంతులోనే ఉంది. కంచం ముందు కూర్చున్నాక మావయ్య, "పిల్లలు భలే ఉన్నారమ్మా," అన్నాడు నవ్వుతూ. అంతే, ఊడిపడింది.

"నాన్నకు రంగులే కనపడవు మావయ్యా. నీకు అసలేమీ కనపడదు. ఆ ఉద్యోగం వీధిలో ఎవరికిచ్చినా నీకంటే ఎక్కువ చూసొచ్చేవాళ్ళు."

నాన్న చెయ్యి అన్నంలో ఆగిపోయింది. అమ్మ "ఏమే!" అంది. మావయ్య మాత్రం చేతిగుడ్డను నాలుగు మడతలు పెట్టి, "నిజమేనమ్మా," అన్నాడు. లేచి వెళ్ళి తన కంచంతోపాటు నాది కూడా కడిగి బోర్లించాడు. సాయంత్రం అమ్మతో, "ఓడకింకా వారం ఉందని ఆగడం ఎందుకక్కా, రేపు సాయంత్రమే రేవుకు వెళ్ళిపోతా. అక్కడ మావాళ్ళుంటారు," అన్నాడు.

వెళ్తే మళ్ళీ తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలు నా మాట ఆయన దుప్పట్ల మధ్య మడతపడి ఉంటుంది. మర్నాడు పొద్దున్నే దేవుడి ముందు నిలబడి "తప్పయింది స్వామీ," అన్నాను. ఎప్పటిలాగే ఆయన ఊరుకున్నాడు. దేవుడు ఊరుకున్నాడంటే, "నాకెందుకు చెబుతావు, అనిపించుకున్నవాడికి చెప్పు" అని అర్థమని మా పల్లెబడి మాస్టారు అనేవారు. సరే, చెబుదామని వెళితే మావయ్య ఇంట్లో లేడు. సంచీ మాత్రం సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది.

మధ్యాహ్నానికి తలుపు తట్టిన చప్పుడు. గుండ్రంగా, నవ్వుముఖంతో ఒకాయన.

"కిటికీ ఉన్నాడా అమ్మా?"

వడ్రంగి అనుకున్నాను. "నాలుగున్నాయండి. దేన్ని బాగుచెయ్యాలి?"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓడలో వంటాయనట. మావయ్యతో ఇరవై ఏళ్ళ స్నేహం. రాత్రి మావయ్య కబురు పెడితే, ఇద్దరూ కలిసి వెళ్దామని వచ్చాడు.

"ఓడలో మీ మావయ్య పేరు కిటికీ అమ్మా. కింద ఇంజను గదిలో వాళ్ళకీ, మా వంటగదిలో వాళ్ళకీ కిటికీలుండవు. రేవు చేరినా ఒక్కోసారి దిగడానికి కుదరదు. ఈయన దిగి చూసొచ్చి, లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ చెబుతాడు. మేమంతా చుట్టూ కూర్చుంటాం. మంచుకొండ విరిగి నీళ్ళలో పడటం చెప్పిన రోజున ఇంజను గదివాడొకడు తువ్వాలు కప్పుకున్నాడమ్మా, చెమటలు కక్కుతూనే!"

"మా మావయ్యా?" అన్నాను.

"అగ్నిపర్వతం చెప్పిన రోజున నా కూర మాడిపోయింది. కెప్టెను తిట్టిన తిట్లు ఇంకా గుర్తే."

"మరి ఇంట్లో ఏమడిగినా 'మనలాగే' అంటాడేంటండీ?"

వంటాయన నవ్వు ఆపి, కాస్త దగ్గరికి జరిగాడు. "ఆ సంగతి మీకు తెలియదా? మొదటిసారి ఓడ దిగి వచ్చినప్పుడు అన్నీ చెప్పాడట. ఎర్రటి కొండలు, పచ్చటి లోయలు అని పూటంతా చెబితే బావగారు నవ్వుతూ విన్నారట. మర్నాడు పొద్దున చూస్తే ఆయన కిటికీ దగ్గర నిలబడి, అక్కగారి కుట్టుపెట్టెలోని ఎర్రదారం ఉండా, పచ్చదారం ఉండా వెలుతురుకు పెట్టి, తిప్పి తిప్పి చూసుకుంటున్నారట. అంతే, ఆ రోజునుంచి ఇంట్లో నోరు కట్టేసుకున్నాడు. 'లోకంలో చూడాల్సిందేమీ లేదని బావ నమ్మితే చాలు' అంటాడు."

నేను చివరి బెంచీని తలుచుకున్నాను. నాన్న అక్కడ కూర్చుని ఉండగా మావయ్య అగ్నిపర్వతం గురించి ఏం చెబుతాడు? నాకు కళ్ళెత్తడానికి ధైర్యం చాల్లేదు.

"నమ్మిందెవరట?" అని వెనకనుంచి వినిపించింది. నాన్న! చేతిలో అట్లాసు. "నాకు రంగులు సరిగ్గా కనపడవు గానీ అబద్ధాలు బాగానే కనపడతాయి."

అట్లాసు బల్ల మీద పెట్టి తెరిచాడు. పదిహేడో పేజీలో ఏదో కోట లోపలికి వెళ్ళే టికెట్టు అంటించి ఉంది. ఇరవై మూడులో ఎండిన ఆకు. ముప్పై ఒకటిలో పడవ చీటీ, నీళ్ళకు తడిసి ఆరింది. ఒక పేజీలో చిన్న పొట్లంలో ఇసుక కూడా ఉంది.

"అందరి జేబులూ వెతికి ఉతుకుతాడు, తన జేబులు మాత్రం చూసుకోడు," అంది అమ్మ. "వచ్చినప్పుడల్లా వాడి బట్టలు ఉతికేది నేను. పారెయ్యబోతే మీ నాన్న లాక్కునేవారు."

"తెలిసి కూడా ప్రతిసారీ ఎందుకడిగేవాడివి నాన్నా?"

"నేను నమ్మానని వాడు అంత సంతోషపడతాడు కదమ్మా. ఆపితే, తెలిసిపోయిందనుకుని బాధపడడూ?" అన్నాడు నాన్న.

ఒకరి కోసం ఒకరు ముప్పై ఏళ్ళు అబద్ధమాడుకుంటుంటే, మధ్యలో నిజం చెప్పింది నేనొక్కదాన్నే. అదీ అబద్ధమే.

అప్పుడే మావయ్య వచ్చాడు, చేతిలో నా చెప్పులతో. "ఎడమదాని పట్టీ ఊడిపోతోందమ్మా, బడికి నడవలేవని కుట్టించుకొచ్చా," అన్నాడు. నిన్న నేను అన్న మాటకు ఆయన ఇచ్చిన జవాబు అది.

"మావయ్యా, నన్ను క్షమించు. నా నాలుక మంచిది కాదు," అన్నాను. చెప్పులు అందుకోవడానికి కూడా చేతులు రాలేదు.

"నాలుకలు అన్ని దేశాల్లోనూ ఇంతేనమ్మా," అన్నాడు మావయ్య. "మనలాగే."

అంతలో ఆయన చూపు అట్లాసు మీద పడింది. టికెట్టు వైపు చూశాడు. తన జేబు తడుముకున్నాడు. వంటాయన చప్పుడు చెయ్యకుండా తలుపు వెనక్కి జరిగాడు.

"ఏరా, పదిహేడో పేజీ ఎలా ఉంది?" అన్నాడు నాన్న.

"మన..." అని ఆగిపోయాడు మావయ్య. "బావా..."

"చెప్పరా. చూసొచ్చి చెప్పమని కదా పంపాను."

మావయ్య సంచీ మీదే కూలబడి మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం ఎవరూ రేవుకు వెళ్ళలేదు. ఆ కోట గోడ మీద పొద్దుగూకే వేళ చెయ్యి పెడితే అప్పుడే దింపిన రొట్టెలా వెచ్చగా ఉంటుందట. జలపాతం దగ్గర మనిషి మాట చెవికి కాదు, ఛాతీకి తగులుతుందట. ఒక పూలతోటలో కళ్ళు మూసుకుని నడిచినా, తేనెటీగల మోతను బట్టి ఎటు పూలు ఎక్కువో తెలుస్తుందట. నాన్న నోరు తెరుచుకుని విన్నాడు. నేను మాత్రం ఒకటి కనిపెట్టాను. రెండు గంటలు చెప్పాడు, ఒక్క రంగు పేరు రాలేదు. ఉతికే ముందు రంగుబట్టలు వేరు చేసినట్టే మాటల్లోంచి రంగులన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలిన లోకాన్ని బావ ఒళ్ళో పెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత హెడ్మాస్టారి దగ్గరికెళ్ళి, తప్పు నాదేనని ఒప్పుకుని, ఇంకో గంట అడిగాను. "మళ్ళీ దుప్పట్లా?" అన్నారాయన. అయినా ఇచ్చారు. ఈసారి మావయ్య మాట్లాడుతుంటే పిల్లలు బల్లలు చరవలేదు. హెడ్మాస్టారు చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాన్న యథాప్రకారం చివరి బెంచీలో.

సిరా మరక పిల్ల లేచింది. "తాతగారూ, నడిసముద్రం ఏ రంగులో ఉంటుంది?"

మావయ్య చివరి బెంచీ వైపు చూశాడు. నా చెవులు మళ్ళీ వేడెక్కాయి.

"సముద్రమా తల్లీ... తడిగా ఉంటుంది."

"రంగు తాతగారూ!"

"బాగా తడిగా ఉంటుంది."

"నీలం రా! నీలం!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరో గుసగుసగా అందించారు.

"ఎవరది అందించేది?" అన్నారు హెడ్మాస్టారు, అలవాటు కొద్దీ.

నాన్న చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "నేనేనండి. మా బావమరిది చాలా తెలివైనవాడండి. కంగారులో తప్పు చెప్పాడు."

మావయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "బావా, నీకు నీలం కనిపిస్తుందా?"

"ఎందుకు కనిపించదురా? నాకు తేడా తెలియనిది ఎరుపూ పచ్చా. మిగతావన్నీ దివ్యంగా కనిపిస్తాయి. మొన్న రెండు గంటలు చెబితే ఒక్క రంగూ లేదేంటా అనుకున్నా."

"పసుపు కూడానా?"

"నిక్షేపంలా."

"మరి ముప్పై ఏళ్ళనుంచీ చెప్పవేం బావా!"

"నువ్వు ఎప్పుడైనా అడిగావా?"

మావయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అయ్యో దేవుడా! అయితే మొదటి పేజీ నుంచి మళ్ళీ చెప్పాలి!"

బడి ఇంటిగంట కొట్టినా ఒక్క పిల్లా లేవలేదు. ముందు బెంచీలోని ఆ పిల్ల నా కొంగు లాగి, చెవిలో అడిగింది.

"టీచర్, ఇంట్లోవాళ్ళ గురించి ఇంత చిన్న విషయం కూడా ఇన్నేళ్ళు తెలియకుండా ఉంటుందా పెద్దవాళ్ళకి?"

నేను కింద నా చెప్పులకేసి చూసుకున్నాను. ఎడమ పట్టీకి వేసిన కుట్టు గట్టిగా ఉంది.

"ఉంటుంది తల్లీ," అన్నాను. "మనలాగే."